బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు

కొన్ని సాహస కథామాలికలు తరాల తరబడి బ్రతుకుతాయి. కొన్ని పదేళ్ళకే అలసిపోతాయి. ఈ తేడా ఎందుకో నేత తెలిసినవాడికి త్వరగా బోధపడుతుంది.

ముంబయి నుంచి ఉత్తరంగా సాగే రైలు సూరత్ చేరబోయే ముందు సచిన్, భేస్తాన్, ఉధనా స్టేషన్లను వరుసగా దాటుతుంది. భేస్తాన్ చుట్టుప్రక్కల మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు, వాటిలో పనిచేసేవారి ఇరుకు ఇళ్ళు బారులు తీరి ఉంటాయి. సూరత్ జౌళివాడలలో తెలుగు మాట కొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి నేత కుటుంబాలు అనేక దశాబ్దాల క్రితమే పని వెతుక్కుంటూ షోలాపూరు, భివండీ, ముంబయి, సూరత్ నగరాలకు తరలిపోయాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే దానికి కారణం ఆ వలసలే.

అటువంటి వాడలో ఒక సాయంకాలాన్ని ఊహించుకోవచ్చు. రాత్రి పాళీకి వెళ్ళవలసిన తండ్రి అన్నం తింటున్నాడు. పదేళ్ళ కుర్రవాడు ఫోను మీదికి వంగి, ఒక వీరుణ్ణి గోడ మీద నుంచి గోడ మీదికి దూకిస్తున్నాడు. వీరుడు కాలు జారి అగాధంలో పడతాడు. తెర నల్లబడుతుంది. మరుక్షణంలో అతడు బయలుదేరిన చోటనే మళ్ళీ నిలబడి ఉంటాడు. అది చూసి తాత నవ్వుతాడు. ‘‘మల్ల మొదటికే వచ్చినవా బిడ్డా? బేతాళుడు చెట్టెక్కినట్టే ఉన్నదిరా!’’

కుర్రవాడికి ఆ మాట అర్థం కాదు. తాతకు ఆ ఆట అర్థం కాదు. అయినా ఆ ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒక విధంగా ఒకే వస్తువు. చేపట్టిన పని చెడితే మళ్ళీ మొదటి నుంచి ఆరంభించే వీరుడి కథ అది. ఎన్నిసార్లు చెప్పినా తరగని కథ. అటువంటి కథను ఏళ్ళ తరబడి పాతబడకుండా నిలబెట్టడం ఎట్లా అన్నది క్యోటోలో వీడియో ఆటలు తయారుచేసేవారికీ, ఒకప్పుడు మద్రాసులో పిల్లల పత్రిక నడిపినవారికీ సమానంగా ఎదురైన ప్రశ్న.

మగ్గానికీ ఆటకూ చుట్టరికం

తాత ఎరిగిన మగ్గానికీ మనుమడి చేతిలోని ఆటకూ మధ్య నిజంగానే ఒక చుట్టరికం ఉన్నది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరవాసి జోసెఫ్ మేరీ జాకార్డు, రంధ్రాలు పొడిచిన అట్టల సహాయంతో బట్టమీద పూలూ లతలూ దానంతట అదే నేసే పరికరాన్ని రూపొందించాడు. అట్టలో రంధ్రం ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే మగ్గం మార్చనక్కరలేకుండానే బట్టమీది బొమ్మ మారుతుంది. ఈ ఉపాయాన్ని ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణన యంత్రానికి వాడుకోదలచాడు. ఆ యంత్రాన్ని గురించి 1843లో వ్యాఖ్య వ్రాసిన ఏడా లవ్‌లేస్ దానిని జాకార్డు మగ్గంతోనే పోల్చింది. రంధ్రాలు పొడిచిన అట్టలు ఆ తరువాత నూరేళ్ళకు పైగా లెక్కల యంత్రాలకూ, తొలినాటి కంప్యూటర్లకూ ఆదేశాలు అందించాయి. ఈనాడు పిల్లవాడి ఫోనులో గోడలు దూకే వీరుడు ఆ వంశంలోనివాడే.

మగ్గం నుంచి ఇంకొక పాఠం కూడా తీసుకోవచ్చు. నిలువుగా బిగించిన పోగులు పడుగు. అడ్డంగా సాగే పోగు పేక. పేక రంగు ఎన్నిసార్లయినా మార్చవచ్చు. కానీ నేత సాగుతుండగా పడుగు తెగితే బట్ట నిలవదు. పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు దానిని ఒక్కసారిగా తెంచి పారవేయడు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతాడు.

దీర్ఘకాలం సాగే సాహస కథామాలిక సంగతీ అంతే. అందులో ఏది పడుగు, ఏది పేక అని తెలుసుకోవడమే అసలైన చిక్కు. ఎందుకంటే బయటి నుంచి చూచేవారికి, ఒక్కొక్కప్పుడు తయారుచేసినవారికి సైతం, ఆ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

క్యోటోలో ఒక గుహ

1986 ఫిబ్రవరిలో జపాను దేశపు నింటెండో సంస్థ ‘జెల్డా’ అనే ఆటను విడుదల చేసింది. దానిని రూపొందించినవారిలో ముఖ్యులు షిగెరు మియమోటో, తకాషి తెజుకా. మియమోటో క్యోటో సమీపాన సొనొబే అనే పల్లెటూరిలో పెరిగినవాడు. చిన్ననాడు కొండల వెంట ఒంటరిగా తిరుగుతూ ఒక గుహను కనిపెట్టి, లాంతరు పట్టుకుని అందులోకి వెళ్ళిన అనుభవాన్ని ఆయన మరచిపోలేదు. లోపల ఏమున్నదో తెలియదు, భయం వేస్తుంది, అయినా అడుగు ముందుకే పడుతుంది. ఆ అనుభూతిని తెరమీదికి ఎక్కించాలన్నదే ఆయన సంకల్పం.

ఆట మొదలుకాగానే లింక్ అనే బాలవీరుడు ఒక మైదానంలో నిలబడి ఉంటాడు. ఎటు వెళ్ళాలో చెప్పేవారు లేరు. ఎదురుగా ఒక గుహ నోరు నల్లగా కనిపిస్తుంది. లోపలికి వెళితే ఒక వృద్ధుడు కత్తి ఇస్తాడు. మిగిలినదంతా ఆటగాడు తానే వెతుక్కోవాలి. లింక్ అంటే లంకె: ఆటగాణ్ణి ఆ లోకంతో కలిపే లంకె. అందుకే ఆ వీరుడు మాట్లాడడు. అతని మౌనంలో ఆటగాడి మనస్సు మాట్లాడుతుంది.

మొదటి ఆట విజయవంతమైన తరువాత అసలు పరీక్ష వచ్చింది. 1987లో వచ్చిన రెండవ ఆటలో రూపకర్తలు చాలా మార్చారు. మొదటి దానిలో లోకాన్ని పైనుంచి చూచినట్టు ఉండేది. ఇందులో పోరాటాలన్నీ ప్రక్కనుంచి కనిపిస్తాయి. కత్తియుద్ధానికి ప్రాధాన్యం పెరిగింది. దానికీ అభిమానులు లేకపోలేదు గాని, వరుసలో అది వేరుపడిన బిడ్డగానే మిగిలింది. 1991లో మూడవ ఆట మళ్ళీ పైనుంచి చూచే పద్ధతికి వచ్చి, ఒక వెలుగు లోకం, దానికి జంటగా ఒక చీకటి లోకం సృష్టించింది. ఒక లోకంలో అడ్డుగా నిలిచిన కొండకు దారి ఇంకొక లోకంలో దొరుకుతుంది. వెతుకులాట రెండింతలైంది.

1998లో మరొక గండం ఎదురైంది. అప్పటికి ఆటలు పొడవు, వెడల్పు, లోతు గల లోకాలలోకి ప్రవేశిస్తున్నాయి. అటువంటి లోకంలో కత్తియుద్ధం ఎట్లా? శత్రువు ఎటునుంచి వస్తాడో కనబడదు. వీరుడు గాలిలో కత్తి దూస్తుంటాడు. రూపకర్తలలో కొందరు క్యోటోలోని ఒక చలనచిత్ర వినోదశాలకు వెళ్ళి అక్కడ ప్రదర్శించే కత్తియుద్ధాన్ని చూశారు. ఒక్క వీరుణ్ణి అనేకమంది చుట్టుముట్టినా, వారు ఒకరి తరువాత ఒకరుగానే మీదికి వస్తారు. చూచేవారికి అది సహజంగానే తోస్తుంది. ఈ సూక్ష్మం పట్టుకుని, ఒక మీట నొక్కగానే వీరుడి చూపు ఒకే శత్రువుమీద నిలిచేటట్టు చేశారు. ఆ తరువాత ఎన్నెన్నో సంస్థల ఆటలు ఆ పద్ధతిని అనుసరించాయి. కొత్త సాంకేతిక విద్య తెచ్చిన చిక్కును పాత నాటకశాల విప్పినది.

2000లో వచ్చిన ఆట కథ ఇంకా ఆసక్తికరమైనది. ఎయిజీ అయొనుమా బృందానికి కాలవ్యవధి తక్కువ. కొత్తగా అన్నీ తయారుచేసే వీలు లేదు. కనుక వెనుకటి ఆటలోని బొమ్మలనే చాలా భాగం తిరిగి వాడుకున్నారు; మార్చినది కాలాన్ని. ఆకాశం నుంచి చంద్రుడు మూడు రోజులలో నేలమీద పడబోతున్నాడు. ఆ మూడు రోజులలో లోకాన్ని కాపాడటం అసాధ్యం. కనుక వీరుడు ఒక పాట వాయించి మళ్ళీ మొదటి రోజుకు వెనుదిరగాలి. సంపాదించినవాటిలో కొన్ని పోతాయి. తెలుసుకున్నది మాత్రం మిగులుతుంది. పాత పేకతోనే కొత్త బట్ట నేశారు.

ఇష్టమైన ఆచారాలను వదులుకోవడం

2001లో తరువాతి ఆట బొమ్మలను మొదటిసారి చూపినప్పుడు చాలామంది అభిమానులు నిరుత్సాహపడ్డారు. గంభీరమైన వీరుణ్ణి ఆశించినవారికి పెద్దపెద్ద కళ్ళ చిన్నపిల్లవాడు, పిల్లల చిత్రాలలోని బొమ్మలాగా, దర్శనమిచ్చాడు. 2002లో ఆట విడుదలైంది. కాలం గడిచినకొద్దీ ఆ చిత్రశైలియే దానికి శాశ్వతత్వం తెచ్చింది. ఆనాడు ‘నిజంలాగా’ కనిపించిన అనేక ఆటలు ఈనాడు వెలిసిపోయాయి. నిజాన్ని అనుకరించని ఆ బొమ్మలు మాత్రం తాజాగా ఉన్నాయి.

అయినా ఆ వరుసలో క్రమంగా ఒక జడత్వం చేరుకున్నది. ఒక గుహ, అందులో ఒక ఆయుధం, ఆ ఆయుధంతో తెరుచుకునే తలుపు, చివర ఒక రాక్షసుడు. ఆ తరువాత రెండవ గుహ. ఏ క్రమంలో వెళ్ళాలో కూడా ఆటే చెప్పేది. అభిమానులకు ఆ క్రమం ఇష్టమే. కానీ గుహ ముందు నిలబడిన బాలుడి భయమూ కుతూహలమూ ఆ క్రమంలో ఎక్కడో జారిపోయాయి. ఏళ్ళ తరబడి పడుగు అనుకున్నది నిజానికి పేక మాత్రమే.

ఈ సంగతి గుర్తించిన అయొనుమా 2013లో బాహాటంగా ఒక ప్రకటన చేశాడు: ఈ వరుసలో ఆచారాలుగా స్థిరపడినవాటిని ఒక్కొక్కటిగా పునఃపరిశీలిస్తామన్నాడు. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి బృందం తమ ఆలోచనలను పరీక్షించుకొనడానికి ముందుగా ఒక నమూనా తయారుచేసుకున్నది. అది 1986 నాటి ఆటలాగా చదునుగా, పైనుంచి చూచినట్టు, చిన్న చిన్న చుక్కలతో కూర్చిన నమూనా. చెట్టు నరికితే దుంగ అవుతుందా? దుంగను నీటిలోకి తోస్తే తేలుతుందా? నిప్పు తగిలితే గడ్డి అంటుకుంటుందా? ఇవి వారి ప్రశ్నలు.

2017 మార్చిలో ఆ ఆట వచ్చింది. కనిపించే కొండనల్లా ఎక్కవచ్చు. వాన కురిస్తే రాయి జారుతుంది. ఉరుముల వేళ ఇనుప కత్తి ధరిస్తే పిడుగు పడుతుంది. ఏ గుహకు ముందు వెళ్ళాలో చెప్పేవారు లేరు. ధైర్యముంటే మొదటనే చివరి శత్రువు కోటకు నడవవచ్చు. అంతా కొత్తదనిపించినా, అది 1986 నాటి మైదానమే. 3 కోట్లకు మించి ప్రతులు అమ్ముడుపోయాయి. 2023లో వచ్చిన దాని తరువాయి భాగం మూడు రోజులలోనే కోటి ప్రతులు దాటింది. 2024లో వచ్చిన మరొక ఆటలో, అన్నాళ్ళూ ఎవరో వచ్చి రక్షించాలని ఎదురుచూచిన రాకుమారి జెల్డాయే స్వయంగా సాహసానికి బయలుదేరింది.

ఇటువంటి వివేకం అందరికీ దక్కలేదు. 1996లో ఇంగ్లండులోని డెర్బీ పట్టణంలో పుట్టిన ‘టూంబ్ రైడర్’ వరుస, లారా క్రాఫ్ట్ అనే సాహసవనితను ప్రపంచమంతటా ప్రసిద్ధురాలిని చేసింది. 1998 నాటి మూడవ ఆటలో ఆమె భారతదేశపు అడవులకు కూడా వచ్చింది. కానీ 2000 వరకు ఏడాదికొక ఆట చొప్పున అయిదు ఆటలు వెలువడ్డాయి. మధ్యలో 1999 ఆట చివర ఆమె మరణించినట్టే చూపారు. అయినా మరుసటి ఏడాది ఆట ఆగలేదు. 2003లో వచ్చిన ఆరవది లోపాల పుట్టగా మిగలగా, వరుస ఆ బృందం చేతినుంచి అమెరికాలోని మరొక బృందానికి వెళ్ళిపోయింది. వారు 2013లో లారాను తిరిగి తొలి సాహసం చేసే యువతిగా, ఒక దీవిలో చిక్కుకుని భయపడే మనిషిగా చూపినప్పుడు వరుసకు మళ్ళీ ప్రాణం వచ్చింది. అలసిపోయినది లారా కాదు. ఊపిరి తీసుకొనే వ్యవధి లేకుండా పనిచేసిన చేతులు.

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ సంగతి మరొక రకం. 1989లో దానిని రూపొందించిన జోర్డాన్ మెక్నర్, తన తమ్ముడు పరుగెత్తుతూ, దూకుతూ ఉండగా చిత్రీకరించి, ఆ కదలికలనే రాకుమారుడికి ఇచ్చాడు. తొలి ఆటలో గడువు ఒక గంట. 2003లో మాంట్రియల్ నగరంలో తయారైన కొత్త ఆట భారతదేశపు ఒక మహారాజు కోటలో ఆరంభమవుతుంది. అందులో రాకుమారుడు తన కథను తానే ఒకరికి చెబుతుంటాడు. ఆటగాడు పొరపాటు చేసి అతణ్ణి చంపివేస్తే, కథ చెప్పే రాకుమారుడు ఆగి, కాదు, అట్లా జరగలేదని తన మాటను సవరించుకుంటాడు. చావు సైతం కథకుడి తడబాటుగా మారిపోయింది.

కథ చెప్పడమూ, తప్పడమూ, తిరిగి మొదలుపెట్టడమూ ఒకటిగా పెనవేసుకున్న ఈ ఉపాయం కొత్తగా పుట్టినదేమీ కాదు. భేస్తాన్ తాతకు అది చిన్ననాటినుంచీ తెలుసు.

శవం మోసే రాజు

11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో వ్రాసిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలు ఉన్నాయి. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని రాజధాని గోదావరీ తీరాన ఉన్న ప్రతిష్ఠానపురం. ప్రజల నోట ఆ రాజు క్రమంగా విక్రమార్కుడయ్యాడు. ఒక భిక్షువు కోరికపై ఆ రాజు శ్మశానానికి వెళ్ళి, చెట్టుకు వేలాడే శవాన్ని మౌనంగా మోసుకురావాలి. శవంలో ఉన్న బేతాళుడు దారిలో ఒక కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెబితే మౌనభంగమవుతుంది, బేతాళుడు శవంతో సహా మాయమై తిరిగి చెట్టెక్కుతాడు.

ఈ నియమాన్ని కొంచెం పరిశీలిస్తే దాని బిగువు తెలుస్తుంది. రాజు ఓడిపోయేది తెలివితక్కువ వల్ల కాదు, తెలివి వల్ల. ప్రతి సరియైన సమాధానమూ అతణ్ణి బయలుదేరిన చోటికే తెస్తుంది. కథ ముగిసిన ప్రతిసారీ మరొక కథకు దారి ఏర్పడుతుంది. ఒక తండ్రీ కొడుకూ, ఒక కూతుర్నీ తల్లినీ తారుమారుగా వివాహమాడితే వారి సంతానానికి పరస్పరం వరుస ఏమిటన్న చివరి చిక్కు ప్రశ్నకు మాత్రం రాజుకు సమాధానం తోచదు. తోచక మౌనంగా ఉండటం చేతనే అతడు గెలుస్తాడు. ఆపైన భిక్షువు పన్నాగాన్ని బేతాళుడే అతనికి తెలియజేస్తాడు. అక్కడితో కథ సమాప్తం.

సంస్కృతంలో సమాప్తమైనది తెలుగులో సమాప్తం కాలేదు. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ‘చందమామ’ మాసపత్రికలో 1950ల మధ్యకాలంలో బేతాళ కథలు మొదలయ్యాయి. మూలంలో ఉన్నవి 25 కథలు. నెలకొకటి చొప్పున అవి రెండేళ్ళకే తరిగిపోవాలి. కానీ పాఠకులు బేతాళుణ్ణి వదలలేదు, పత్రికా వదలలేదు. 1952 నుంచి 1980లో మరణించేవరకు చందమామకు ప్రాణంగా పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు, ఆయన సహచరులు ఒక ఉపాయం కనిపెట్టారు. చట్రాన్ని యథాతథంగా ఉంచి, లోపల పూర్తిగా కొత్త కథలు అమర్చసాగారు. ఆ విధంగా 25 కథలు వందల సంఖ్యకు పెరిగి, అర్ధశతాబ్దానికి పైగా సాగాయి.

మామూలు కథ బేతాళ కథగా ఎట్లా మారుతుంది? ఒక యువకుడికి రాజ్యమే ఇస్తామన్నా కాదని పల్లెకు తిరిగి వచ్చాడనుకుందాం. మామూలు కథలో రచయిత అందుకు కారణం చెప్పి ముగిస్తాడు. బేతాళ కథలో ఆ కారణాన్ని తీసివేస్తారు. ఆ ఖాళీలో ప్రశ్న పెడతారు. రాజు సమాధానం చెప్పేలోగా చదివే పిల్లవాడు పేజీ మీద వేలు ఆన్చి, తాను ఒక సమాధానం ఆలోచించుకుంటాడు. రాజు చెప్పినది తన ఊహతో సరిపోతే గర్వపడతాడు. సరిపోకపోతే రాజుతో వాదిస్తాడు. గుహ ముందు నిలబెట్టి, దారి చెప్పకుండా వదిలిన మియమోటో చేసినదీ ఇదే. రెండుచోట్లా పడుగు ఒక్కటే: చదువరికో ఆటగాడికో విడిచిపెట్టిన ఖాళీ.

శంకర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు కె.సి. శివశంకరన్ ఆ కథలకు రూపమిచ్చాడు. మూపున శవం, చేతిలో కత్తి, చుట్టూ చీకటి, అయినా చెదరని రాజు నడక! ఆ బొమ్మను ఒకసారి చూచినవారు మరచిపోవడం అరుదు. తెలుగు చదవలేనివారు కూడా ఆ బొమ్మతో బేతాళుణ్ణి గుర్తుపట్టేవారు. ఎందుకంటే చందమామ తమిళ, కన్నడ, హిందీ, మరాఠీ, గుజరాతీ తదితర భాషలలో కూడా వెలువడేది. సూరత్‌లో తెలుగు పిల్లవాడూ గుజరాతీ పిల్లవాడూ తమ తమ భాషలలో అదే బేతాళుణ్ణి చదువుకొనే అవకాశం ఆనాడు ఉండేది. శంకర్ 2020 సెప్టెంబరులో కన్నుమూశాడు. 2021లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది.

అదే పత్రికలో ఇంకొక వరుస కూడా నడిచింది. 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మొదలుకొని 1978 నాటి ‘భల్లూక మాంత్రికుడు’ వరకు దాసరి సుబ్రహ్మణ్యం పన్నెండు సాహస ధారావాహికలు వ్రాశాడు. వాటికి చిత్రా బొమ్మలు వేశాడు. మాంత్రికులు, వింత మృగాలు, శిథిల దుర్గాలు, అడవి దారులలో సాహసం చేసే యువకులు: సరుకు ఇంచుమించు ఒకటే. దీవి మారుతుంది, దుర్గం మారుతుంది, భయం మారుతుంది. నెల చివర కథ ప్రమాదపు అంచున ఆగుతుంది. ఇంతటి అభిమానం సంపాదించిన రచయిత పేరు ఆ రోజులలో కథతోపాటు అచ్చయ్యేది కాదు. పాఠకులకు పాతాళదుర్గం తెలుసు. దానిని కట్టినవాడు తెలియదు.

మగ్గం ఆగినప్పుడు

1998లో చందమామ ఆగింది. 1999లో తిరిగి వెలువడింది. 2007లో ముంబయికి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వెళ్ళింది. 2013 నాటికి మళ్ళీ ఆగిపోయింది. ఈసారి తిరిగి లేవలేదు. అంతటితో తెలుగు పిల్లలకు నెలనెలా కొత్త బేతాళ కథ అందడం ఆగింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆగినది మగ్గమే గాని, పడుగు తెగలేదు. 1985లో రామానంద సాగర్ దూరదర్శన్‌లో విక్రముడి కథలను ధారావాహికగా చూపినప్పుడు దేశమంతా చూచింది. 2017లో పుష్కర్-గాయత్రి దంపతులు తమిళంలో తీసిన ‘విక్రమ్ వేదా’ చిత్రంలో రాజు ఒక పోలీసు అధికారి, బేతాళుడు ఒక నేరస్థుడు. నేరస్థుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, అధికారి సమాధానం చెబుతాడు, నేరస్థుడు తప్పించుకుంటాడు. శ్మశానం లేదు, శవం లేదు, కత్తి లేదు. అయినా ప్రేక్షకులు చట్రాన్ని పోల్చుకున్నారు. 2022లో ఆ దంపతులే దానిని హిందీలో తిరిగి తీశారు. వెయ్యేళ్ళనాటి నియమం ఇంకా బిగువుగానే ఉన్నదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

క్యోటోకూ మద్రాసుకూ ఉన్న తేడా కథాబలంలో లేదు. జెల్డా దారి తప్పినప్పుడల్లా సరిదిద్దడానికి ఒక సంస్థ నిలిచి ఉన్నది. 1998 నుంచి ఆ వరుసతో పెరిగిన అయొనుమా పాతికేళ్ళ తరువాత కూడా దానికి సారథ్యం వహించాడు. పెద్దలు నేర్పిన ఆచారాలను కొత్తవారు ప్రశ్నించారు, పెద్దలు ఒప్పుకున్నారు. చందమామలో కూడా కుటుంబరావు తరంలో ఇటువంటి కొనసాగింపు ఉండేది. ఆ తరం తరువాత పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికే చేతులు తగ్గిపోయాయి. కథామాలిక బ్రతకడానికి మంచి నియమం ఒక్కటే చాలదు. ఆ నియమం ఎందుకు పెట్టారో తెలిసినవారు, తెలిసి కూడా మార్పుకు జంకనివారు, వారి చేతికి పని ఇచ్చే చోటు కావాలి.

భేస్తాన్ వంటి చోట ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. ఊరికి దూరంగా పెరిగే పిల్లవాడికి ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ, ఫోనులో మరే భాషయో. తెలుగు మాధ్యమపు బడి ఉన్నచోట అక్షరాలు వస్తాయి. అక్షరాలు వచ్చినవాడికి చదవాలనే ఆకలి పుట్టించేది మాత్రం కథే. ఒకప్పుడు ఆ పని చేసిన మాసపత్రిక లేదు. ఆ స్థానాన్ని ఆక్రమించిన ఆటలలో తన తాత భాష వినపడదు.

అయితే బేతాళ కథకు కోట్ల పెట్టుబడి అక్కరలేదు. ఒక కథ, అందులో ఒక ఖాళీ, ఆ ఖాళీలో ఒక ప్రశ్న చాలు. బడిలో ఉపాధ్యాయుడు ఒక కథ చెప్పి చివరి కారణాన్ని దాచిపెట్టవచ్చు. పిల్లలు తలా ఒక సమాధానం చెప్పవచ్చు. మరునాడు వారిలో ఒకరు బేతాళుడై ఇంకొక కథతో రావచ్చు. ఇప్పటి మరమగ్గంలో నాడె స్థానంలో నీటిధారే పేక పోగును అటునుంచి ఇటు విసురుతున్నది; అయినా పడుగు పడుగే, పేక పేకే. కాగితం స్థానంలో తెర వచ్చినంత మాత్రాన కథకు కీడు జరగదు.

రాత్రి పాళీ మొదలయ్యే వేళకు భేస్తాన్‌లో మగ్గాల చప్పుడు హెచ్చుతుంది. ఫోనులో వీరుడు మళ్ళీ పడిపోయాడు. కుర్రవాడు విసుగెత్తి ఫోను ప్రక్కన పెట్టి తాతను అడుగుతాడు: ‘‘తాతా, బేతాళుడు చెట్టెందుకు ఎక్కుతడు?’’

తాత గొంతు సవరించుకుంటాడు. శవం మళ్ళీ రాజు భుజానికెక్కుతుంది.